“అలాగేనమ్మా” అంటారు, మానరు. పల్లె క్లినిక్‌లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ ఎలా?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతంలో ఒక విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. అడ్డపొగ (చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దావిడలు, బీపీ మాత్రలు మధ్యలో ఆపేసేవాళ్లు, సాయంత్రమైతే మందు కొట్టేవాళ్లు రోజూ వస్తారు. రెండు రోజుల ట్రైనింగ్‌లో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న మాట ఎదుటి మనిషి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి) గురించి చెప్పారు. ఓపెన్ ప్రశ్నలు (అవును, కాదు అని తేల్చేయలేనివి) అడుగుతున్నాను, క్యాన్సర్ ఫొటోలు కూడా చూపిస్తున్నాను. అందరూ “అలాగేనమ్మా” అని వెళ్లి, వచ్చే నెల అలాగే వస్తారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? ఇంకో మాట, ఇది ఇంట్లో మా నాన్న మీద పనిచేస్తుందా?

సమాధానం:

“ఓపెన్ ప్రశ్నలు అడుగుతున్నాను, క్యాన్సర్ ఫొటోలు కూడా చూపిస్తున్నాను” అన్నారు చూడండి, ఆ “కూడా” దగ్గరే ఉంది మీ ఇబ్బంది. ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో మూసేస్తున్నారు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి అనడం లేదు. విశాఖలో మందు మాన్పించే కేంద్రాల్లో ఇరవై రెండేళ్లు కౌన్సిలింగ్ చేశాను. అందులో మొదటి ఆరేళ్లు చేసింది ఉపన్యాసమే. ఒక ఆటోడ్రైవర్‌ని కూర్చోబెట్టి లివర్ బొమ్మ చూపిస్తూ నలభై నిమిషాలు చెప్పాను. చేతులు కట్టుకుని విన్నాడు. “మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం మేడమ్” అన్నాడు. రిజిస్టర్‌లో “బాగా అర్థం చేసుకున్నాడు” అని రాసుకున్నాను కూడా. మళ్లీ రాలేదు. చాలా నెలల తర్వాత అతని భార్య కనిపిస్తే ఏమైందని అడిగాను. “ఆవిడకి అన్నీ తెలుసు, నేను వెళ్లి చెప్పేదేముంది అన్నాడమ్మా” అంది.

తాగేవాడికి, చుట్ట కాల్చేవాళ్లకి అది చెడ్డదని తెలీక కాదు. లోపల రెండు మాటలూ ఎప్పట్నుంచో ఉంటాయి: మానేస్తే బాగుణ్ణు, మానేస్తే ఎలా గడుస్తుంది. ఇది కావడి లాంటిది. మీరు వచ్చి ఒక పక్కకి లాగితే, అది ఒరిగిపోకుండా ఆ మనిషి రెండో పక్కకి లాగుతాడు. మీరు “మానాలి” అన్నకొద్దీ ఆయన నోట “కానీ” వస్తుంది. తన నోటితో అన్న మాట మీద మనిషికి నమ్మకం పెరుగుతుంది. అంటే, తాగుడుకి కావాల్సిన వాదనలన్నీ ఆయన చేత వల్లె వేయించి పంపిస్తున్నాం.

ఈ పద్ధతికి పునాది వేసిన విలియం మిల్లర్ అమెరికన్ సైకాలజిస్టు. 1982లో నార్వేలో ఉన్నప్పుడు అక్కడి కుర్ర సైకాలజిస్టులు ఆయన్ని తాగేవాళ్లతో మాట్లాడే తీరు చేసి చూపించమన్నారు. మధ్యమధ్యలో ఆపి, ఇప్పుడీ ప్రశ్న ఎందుకడిగారు, ఎదుటి మనిషి అన్ని మాటలు చెబితే ఆ ఒక్కటే ఎందుకు పట్టుకున్నారు అని నిలదీశారు. తనకు తెలీకుండా చేస్తున్నదాన్ని ఆయన అప్పుడు మాటల్లో పెట్టుకోవాల్సి వచ్చింది. 1983లో అదే వ్యాసంగా వచ్చింది. తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశారు. నాలుగో కూర్పు 2023లో వచ్చింది. నన్ను కుదిపేసింది మాత్రం మిల్లర్ బృందం 1993లో ప్రచురించిన చిన్న అధ్యయనం. కౌన్సిలర్ ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువగా తాగుతున్నట్టు అందులో తేలింది. చదవగానే నాకు ఆ ఆటోడ్రైవరే గుర్తొచ్చాడు.

కాబట్టి మొదట పట్టుకోవాల్సింది మన చేతి దురదని. ఎదుటివాళ్లు తప్పు చేస్తుంటే దిద్దకుండా ఉండలేని దురద. నర్సింగ్ చదివినవాళ్లకి ఇది మరీ ఎక్కువ, మనకి నేర్పిందే అది కదా. ఆ దురద లేచినప్పుడు నేను పెన్ను మూత గట్టిగా నొక్కి పట్టుకునేదాన్ని. నవ్వొస్తుందేమో కానీ పనిచేసింది.

ఇప్పుడు “అలాగేనమ్మా” సంగతి. మన దగ్గర అలాగేనమ్మా, సరేలెండి, చూద్దాంలే అనేవి ఒప్పుకోలు కాదు. “ఇంక లేస్తాను” అని మర్యాదగా చెప్పడం. అవి వినబడ్డాయంటే మీరు ఎక్కువ మాట్లాడారన్నమాట. నిజంగా మనసు కదులుతున్నప్పుడు వచ్చే మాటలు వేరు, వాటిని పట్టుకోవడానికి తెలుగులో మంచి వీలుంది: క్రియ చివర వినండి. “మానేస్తే బాగుణ్ణు” కోరిక. “మానగలను” ధైర్యం. “మనవడు దగ్గరికి రావట్లేదు” కారణం. “ఇంక మానాలి” అవసరం. ఈ నాలుగూ మేలుకుంటున్న మాటలు. “మానేస్తాను”, “రేపట్నుంచి పొద్దుటిది ఆపేస్తాను”, “నిన్న ఒకటి తక్కువ కాల్చాను” అనేవి అడుగు పడుతున్న మాటలు. ట్రైనింగ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పొడి పేర్లు చెప్పి ఉంటారు, అవి గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. బాగుణ్ణు, -గలను, -ఆలి, -తాను. ఈ చివర్లు చెవిన పడితే చాలు. పడగానే మీరు చేయాల్సింది ఒక్కటే, ఆ మాట ఇంకొంచెం చెప్పించుకోవడం. చాలామంది అక్కడే సంతోషం పట్టలేక “శభాష్, మరి ఈ రోజే మానెయ్” అంటారు. కావడి మళ్లీ ఒరుగుతుంది.

ఒక అడ్డపొగ మామ్మతో జరిగిన మాటలు రాస్తాను. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మీ తీరంలో ఆడవాళ్లకి తరాల నాటి అలవాటు. ఈవిడకి అరవై దాటాయి, అంగిట్లో తెల్లమచ్చలున్నాయి. నేను పొగాకు మాన్పించే పనిలో ఉన్నప్పటి సంగతి. మాటలు గుర్తున్నంత వరకూ:

నేను: మామ్మా, నోరు చూశాను. అందులో ఏముందో చివర్లో చెప్తాను. ముందు నీ చుట్ట గురించి కాసేపు మాట్లాడుకుందామా? సతాయించనులే.

మామ్మ: ఏటుంది సెప్పడానికి. మాయమ్మ కాల్సింది, నానూ కాలుస్తన్నాను.

నేను: చిన్నప్పట్నుంచి ఇంట్లో చూసిందే అన్నమాట.

మామ్మ: మరే. సేపలు ఎండేసుకుంటా కూకుంటే గాలికి బయట నిప్పు ఆరిపోద్ది. లోపలెట్టుకుంటే ఆరదు, పనీ ఆగదు.

నేను: చేతికి పని, నోటికి తోడు.

మామ్మ (నవ్వుతూ): అదే! ముసిలోడు పోయినకాడ్నుంచి మరీ ఎక్కువైపోనాది.

నేను: ఆయన పోయాక ఆ తోడు ఇంకా అవసరమైంది.

ఇక్కడ చాలాసేపు మాట లేదు. నేనూ మాట్లాడలేదు.

మామ్మ: ఊఁ. కానీ మనవరాలు దగ్గరికి రాదు. “మామ్మా, కంపు” అంటాది.

నేను: ఆ మాట గుచ్చుకుంది.

మామ్మ: గుచ్చుకోదేటి మరి? దానికోసమైనా తగ్గించీయాలనిపిస్తాది ఒక్కోపాలి.

నేను: దానికోసమైనా అన్నావు. తగ్గించావనుకో, ఆ పిల్లతో ఎలా ఉంటుందంటావు?

తర్వాత పది నిమిషాలు ఆవిడ మనవరాలి గురించే చెప్పింది, పక్కలో పడుకోబెట్టుకోవడం గురించి, కథలు చెప్పడం గురించి.

ఈ మాటల్లో నేను అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే, చివరిది. మొదటిది అనుమతి. మిగతావన్నీ ఆవిడ మాటని ఒక అడుగు ముందుకేసి తిరిగి ఇచ్చినవే. ట్రైనింగ్‌లో దీన్నే రిఫ్లెక్షన్ అని ఉంటారు. “రోజుకి ఎన్ని?” అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ముసలాయన పోయిన సంగతి చెప్పినప్పుడు లెక్క అడిగుంటే ఆవిడ లెక్క చెప్పి లేచిపోయేది. రిజిస్టర్‌లో ఆ గడి నింపాలని తెలుసు, చివర్లో నింపుకోవచ్చు.

రిఫ్లెక్షన్ తెలుగులో చేయడం గురించి ఒక మాట. ఇంగ్లిష్ పుస్తకం పక్కన పెట్టుకుని “మీరు బాధగా ఫీల్ అవుతున్నట్టు నాకు వినిపిస్తోంది” అంటే మామ్మ మీ వంక వింతగా చూస్తుంది. మన భాషలో దీనికి పనిముట్టు ఎప్పట్నుంచో ఉంది: “అన్నమాట”. “పని ఆగకుండా ఉండటానికి అన్నమాట.” గొంతు చివర్లో కిందికి దిగాలి. పైకి లేస్తే అది ప్రశ్నవుతుంది, ప్రశ్నవగానే ఆవిడ జవాబు చెప్పే మనిషైపోతుంది. “కదా” మాత్రం జాగ్రత్త. “చుట్ట మంచిది కాదు కదా” అనడం రిఫ్లెక్షన్ కాదు, ముడి వేయడం. అలాగే రెండు పక్కలూ కలిపి చెప్పేటప్పుడు “కానీ” తీసేయండి. “తోడుగా ఉంటుంది కానీ మనవరాలు రాదు” అనకుండా, “ఒకపక్క అది తోడు, ఇంకోపక్క మనవరాలు దూరమవుతోంది” అనండి. మార్పు వైపు మాటని రెండోదిగా పెట్టండి. మనిషి ఆఖర్న విన్నదాన్నే అందుకుంటాడు.

ప్రశ్నల్లో “ఎందుకు మానలేకపోతున్నారు?” అనేది వినడానికి ఓపెన్ ప్రశ్నే, పనిచేసేది మాత్రం ఉల్టాగా. దానికి జవాబుగా వచ్చేవన్నీ సాకులే, ఆ సాకుల్ని అడిగి తెప్పించుకున్నది మనమే. “మానాలని ఎప్పుడైనా అనిపించిందా, ఏం జరిగినప్పుడు?” అని అడిగి చూడండి, అదే మనిషి వేరేలా మాట్లాడతాడు.

మానాలని ఎంత ఉందో సున్నా నుంచి పదిలో చెప్పమనే స్కేలు నేర్పి ఉంటారు. చదువుకున్నవాళ్ల దగ్గర బాగానే పనిచేస్తుంది. పెద్దవాళ్ల దగ్గర నేను రూపాయి వాడేదాన్ని. “మానాలన్న మనసు రూపాయిలో ఎంతుంది, పావలానా, అర్ధా, ముప్పావలానా?” ఒకాయన “పావలా ఉంటాదేమో” అన్నాడు. చేతి దురద “పావలాయేనా?” అనమంటుంది. అనకండి. “పావలా ఉందన్నమాట. అసలేమీ లేదనకుండా పావలా ఎందుకన్నావు మావయ్యా?” అనండి. అప్పుడాయన ఆ పావలా వెనకున్న కారణాలు చెప్తాడు. తర్వాత రెండో రూపాయి: “మానగలనన్న ధైర్యం ఎంత?” ఈ రెండూ వేరు వేరు. మనసు ముప్పావలా ఉండి ధైర్యం పావలా ఉన్నవాళ్లే మన దగ్గర ఎక్కువ. అలాంటివాళ్లకి నష్టాలు చెప్పడం దండగ. ఇంతకు ముందు ఎప్పుడైనా ఆపారా (మాల వేసుకున్న నలభై రోజులు ఎలా ఆపగలిగారు?) అని అడగాలి. మాల సంగతి అడిగితే ఎంతమంది ముఖాలు వెలుగుతాయో చూడండి. తను చేయగలడన్న రుజువు ఆయన దగ్గరే ఉంది, ఎవరూ అడగలేదంతే.

ఇంక ఫొటోలు. సమాచారం చెప్పొద్దని ఎవరూ అనరు. అడిగి, ఇచ్చి, మళ్లీ అడగండి. “అడ్డపొగ గురించి మీరేం విన్నారు?” అని ముందు తెలుసుకోండి. “ఇంకొక్క సంగతి చెప్పనా?” అని అడిగి ఒకటే చెప్పండి, ఐదు కాదు. తర్వాత “ఇది విన్నాక ఏమనిపిస్తోంది?” అని ఆగండి. బీపీ మాత్రల వాళ్లకీ ఇదే దారి. “అలవాటు పడిపోతుంది” అన్న భయం ఎంతమందికి ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. అడక్కపోతే అది బయటికే రాదు, మాత్ర మాత్రం డబ్బాలో ఉండిపోతుంది.

పక్కన కోడలో కూతురో ఉంటారు, మన క్లినిక్‌లో గోప్యత అంతంతమాత్రం. “చెప్పండి మేడమ్, ఎంత చెప్పినా వినదు” అని మొదలెడతారు. ఆ క్షణం మీరు తల ఊపారంటే అత్తగారి దృష్టిలో మీరూ కోడలి పార్టీయే. “మీకు ఆవిడ మీద బెంగగా ఉంది” అని కోడలికి ఒక్క మాట చెప్పి, మామ్మ వైపు తిరిగి “నీ నోటితో వినాలనుంది” అనండి. వీలైతే కోడల్ని మందుల చీటీతో పక్క గదికి పంపండి.

రోజుకి నలభై మంది ఓపీలో ఇదంతా ఎక్కడ కుదురుతుంది అంటారని తెలుసు. అందరితో చేయకండి. రోజుకి ఇద్దరు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, ఒక ప్రశ్న, మూడు రిఫ్లెక్షన్లు. మిగతా ముప్పై ఎనిమిది మందికి కనీసం ఉపన్యాసం తప్పుతుంది, అదీ లాభమే. “మానేస్తాను” లాంటి “-తాను” మాట వచ్చినవాళ్లతోనే ప్లాన్ మాట్లాడండి: ఏ పూటది ముందు ఆపుతావు, చేయి ఊరికే ఉంటే ఏం చేస్తావు, ఎవరికి చెప్తావు. ఫోన్లో సాయం కావాలంటే పొగాకు మానడానికి జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఉచితం.

ఇప్పుడు ఇది వాడకూడని చోట్లు. మీరు ఇది మాత్రం తప్పకుండా చదవాలి.

అంగిట్లో, బుగ్గలో తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే అక్కడ ఊగిసలాట గురించి మాట్లాడుతూ కూర్చోకండి. ముప్పై దాటినవాళ్లకి నోటి పరీక్ష ఎలాగూ మీ డ్యూటీలో భాగమే. “మామ్మా, ఇది డాక్టర్ చూడాలి, ఈ వారంలోనే” అని సూటిగా చెప్పి రిఫరల్ రాయండి, తోడు ఎవరొస్తారో తేల్చండి. పైన చెప్పిన మామ్మకి చివర్లో నేను చేసింది అదే. “చివర్లో చెప్తాను” అన్నాను కాబట్టి ఎదురుచూస్తూనే ఉంది.

రోజూ బాగా తాగేవాడు మీ మాటకి కదిలి “రేపట్నుంచి చుక్క ముట్టను” అంటే సంతోషించకండి, కంగారు పడండి. ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించడం దాకా పోవచ్చు. అది ప్రాణాంతకం. పొద్దున లేవగానే చేయి వణికి, తాగితేనే తగ్గుతుందా అని అడగండి. అవునంటే మానడం ఆసుపత్రిలో, మందులతోనే. దారి తెలీకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయించండి.

అంత ముదరకుండా, హాని చేసేంతగా తాగేవాళ్ల దగ్గర మీలాంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చిన అలాంటి మగవాళ్లతో, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి ఈ పద్ధతి మీద ఆధారపడిన కౌన్సిలింగ్ చేయించారు. ఆ ఫలితం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడు నెలలకి తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు కౌన్సిలింగ్ పొందినవాళ్లలో 36 శాతం, పొందనివాళ్లలో 26 శాతం. తేడా పది శాతమే. నాకు ఆ అంకె నచ్చుతుంది, ఎందుకంటే అది అబద్ధం ఆడదు. ఇంత చేసినా పదిమందిలో ఆరుగురు అలాగే ఉన్నారు. వాళ్లని చూసి మీరు కుంగిపోకూడదు.

మరొకటి, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. పై నుంచి టార్గెట్ ఉందని కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి ఒప్పించడానికి ఈ పద్ధతి వాడొద్దు. పిల్లలు చాలా, ఇంకా కావాలా అనేది ఆ ఇల్లాలి నిర్ణయం, మీరు ఏ పక్కకీ నెట్టకూడదు. మాటల్లో నేర్పు పెరిగినకొద్దీ ఈ జాగ్రత్త కూడా పెరగాలి. నన్ను ఒకసారి ఇలాంటి పనికే పిలిచారు, వెళ్లి రెండు రోజులు చేసి మూడో రోజు మానేశాను. ఆ రెండు రోజులూ ఎందుకు చేశానా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేర్చుకోవడానికి రెండు రోజుల ట్రైనింగ్ సరిపోదు, అది మీ తప్పు కాదు. ఒక పని చేయండి. అనుమతి తీసుకుని ఒకరితో మాటల్ని ఫోన్లో రికార్డు చేసి, ఇంటికెళ్లి వినండి, విన్నాక చెరిపేయండి. కాగితం మీద రెండు గీతలు గీసి, ప్రశ్నలు ఒకపక్క, రిఫ్లెక్షన్లు ఇంకోపక్క లెక్కపెట్టండి. నా మొదటి టేపులో ప్రశ్నలు ఇరవై ఒకటి, రిఫ్లెక్షన్లు రెండు. ఆ రెండిట్లో ఒకటి నిజానికి తిట్టు.

చివరిగా మీ నాన్నగారు. సమాధానం దాటేయాలనే అనుకున్నాను. ఇంట్లోవాళ్ల దగ్గర మనకి స్వార్థం ఉంటుంది, ఆయన మారకపోతే మనకి నిద్ర పట్టదు. ఆ తొందర గొంతులో తెలిసిపోతుంది. వినడం వరకు వాడండి, అన్నమాట వాడండి, సతాయించడం తగ్గించండి. కౌన్సిలింగ్ మాత్రం వేరే ఎవరినైనా చేయమనండి. మా ఆయన షుగర్ పెట్టుకుని టీలో రెండు చెంచాలు వేసుకుంటారు. ఒకరోజు నేను చాలా నెమ్మదిగా “ఆ తీపి మీకు రోజు మొత్తంలో ఒక సుఖం అన్నమాట” అన్నాను. గ్లాసు కింద పెట్టి, “నీ ఆఫీసు గొంతు ఇంట్లో వాడకు” అన్నారు.